పులికాట్‌లో మునిగిన కెమెరా, విభూతితో తుడిచిన అద్దం

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. లేకపోతే చదివేవారు చివరిదాకా ఏదో దొరుకుతుందని ఎదురుచూస్తారు.

పన్నెండింటిలో పది బొమ్మలు తీసిన ఒక ఫిల్ము చుట్ట. కెమెరా తోలు సంచి. నా ఎడమకాలి చెప్పు. కుడిది ఇంటికి తెచ్చాను గాని ఒంటిచెప్పును మిగులు కింద రాయలేం. మండీలో ఆరు రోజుల సెలవు, అందులో నాలుగు జీతం లేనివి. పులికాట్ సరస్సులో ఒక ఉదయం ఎన్ని పక్షులు వాలి ఉన్నాయన్న లెక్క. కెమెరా అద్దం మీద ఉండిన, ఉన్నట్టు నాకు అప్పటిదాకా తెలియని, నీలిరంగు పలుచని పూత. ఇవి ఆరు. ఏడోది మా బామ్మర్దికి నా మీద ఉండిన గురి. అది ఎంత పోయిందో కొలిచే తూకపురాయి నా దగ్గర లేదు కాబట్టి పద్దులో చేర్చలేదు.

నేను చిత్తూరులో బెల్లం మండీ గుమాస్తాను. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. లెక్కలు తూకం దగ్గర నిలబడి నేర్చుకున్నవే. అడుగున ఎన్ని దిమ్మలు, పైకి ఎన్ని వరసలు అని చూసి, బండి దించకముందే మొత్తం చెప్పగలను. తేడా వస్తే ఐదారు దిమ్మలకు మించదు. ఆ మాఘమాసంలో సూళ్ళూరుపేట నుంచి సరుకు కోసం వచ్చిన శెట్టిగారు, పులికాట్‌లో పక్షులు లక్ష వాలాయని చెప్పారు. లక్ష అని ఎవరు లెక్కపెట్టారని అడిగాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు నన్ను నాలుగు రోజులు వదల్లేదు. ఫోటో తీసి, దాని మీద పెన్సిలుతో గళ్ళు గీసి, ఒక గడిలో ఉన్నవాటిని లెక్కపెట్టి గళ్ళతో గుణిస్తే లక్షో కాదో తేలిపోతుంది. బెల్లం దిమ్మలకైనా పక్షులకైనా పద్ధతి ఒకటే. కావలసింది కెమెరా.

మా ఇంటావిడ తమ్ముడు మునిరత్నానికి పలమనేరులో చిన్న స్టూడియో ఉంది. అతని దగ్గర ఉన్నది ఒకటే కెమెరా. మద్రాసులో అప్పు చేసి కొన్నది, ఒకదాని మీద ఒకటిగా రెండు కళ్ళున్నది. పై కంటితో మనం చూడాలి, కింది కన్ను బొమ్మ తీస్తుంది. అడగడానికి నాకు రెండు పూటలు పట్టింది. ఇవ్వడానికి అతనికి ఒక నిమిషం పట్టింది.

"బావా, వచ్చే ఆదివారం పొద్దున ఈడ పెండ్లి ఉండాది. బయానా గూడ తీసుకున్నా. ఇది కెమెరా గాదు, నా ఎద్దు అనుకో. శనివారం మాపటికి ఇంట్లో కట్టేయాల."

కట్టేస్తానని మాట ఇచ్చాను.

సోమవారం: కాళహస్తి మీదుగా

చిత్తూరు నుంచి తిరుపతికి ఐదు రూపాయలు. అక్కడ బస్సు మారి కాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట. నాకు దొరికిన సీటు సరిగ్గా చక్రం మీద. గుంత వచ్చినప్పుడల్లా కెమెరాను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. దుమ్ము పడకుండా సంచి మీద తువ్వాలు కూడా చుట్టాను. కాళహస్తిలో ఎక్కిన ముసలాయన ఒకరు కాసేపు చూసి ఉండబట్టలేక అడిగారు.

"ఏంది సామీ, పసిబిడ్డా? మూతి కప్పేసినావే, గాలన్నా ఆడనీ."

కెమెరా అని చెబితే, "అట్లయితే కప్పు, కప్పు" అని తన పైపంచె కూడా ఇవ్వబోయారు.

నాయుడుపేటలో భోజనం రెండు రూపాయలు. మా వైపు సంగటి ముద్దలు లెక్కపెట్టి వేస్తారు, పులుసుకు లెక్క ఉండదు. అక్కడ తిరగబడింది. అన్నం గంపతో తెచ్చి కుమ్మరిస్తారు, పులుసు మాత్రం రెండో గరిటె అడిగితే వడ్డించేవాడు మన ముఖాన్ని గుర్తుపెట్టుకుంటాడు. సూళ్ళూరుపేటలో శెట్టిగారి అంగడి అరుగు మీద పడుకున్నాను. బెల్లం వాసన, అదీ మా మండీ బెల్లమే. నూట యాభై కిలోమీటర్లు వచ్చి మళ్ళీ దాని పక్కనే పడుకోవడం ఏదోలా అనిపించింది.

మంగళవారం: నడుములోతు నీళ్ళు

శెట్టిగారు చెప్పిన జాలరిపల్లె తడ దాటి లోపలికి ఉంది. పడవ నడిపే పోలయ్యకు నా ఈడే ఉంటుంది. పొద్దున పోయి పొద్దు నడినెత్తికి రాకముందే తిరిగి రావడానికి ఆరు రూపాయలు అడిగాడు. అడుగు చదునుగా ఉన్న పడవ, తెడ్డు కాదు, పొడవాటి గడ. సరస్సంటే లోతు అనుకున్నాను. పోలయ్య గడ గుచ్చి చూపించాడు. చాలాచోట్ల నడుము దాటదు. ఎంత దూరం చూసినా అంతే లోతు. ఇన్ని నీళ్ళను ఇంత పలుచగా పరిచిపెట్టిన చోటు నేను మరొకటి చూడలేదు.

పక్షులు కనిపించడానికి ముందు తెల్లటి గీత ఒకటి కనిపించింది. దగ్గరికి పోయేకొద్దీ గీతలో గులాబిరంగు తేలింది. రాజహంసలు, వాటి పక్కన సంచిలాంటి మూతుల గూడబాతులు. గుంపు అంచున ఒక్కో పక్షి విడిగా తెలుస్తుంది, మధ్యకు పోతే ఒకటే ముద్ద.

"ఎన్నుంటాయి పోలయ్యా?" అని అడిగాను.

"శానా."

"శానా అంటే?"

"మా చేపలన్నీ తినేసేటన్ని. నువ్వు లెక్కపెట్టి చెబితే తగ్గిపోతాయా ఏందయ్యా?"

తగ్గవని ఒప్పుకుని ఫోటోలు మొదలుపెట్టాను. గుంపును ఎడమ నుంచి కుడికి కొంచెం కొంచెం జరుపుతూ, ఒక బొమ్మ అంచు మరో బొమ్మలో కలిసేటట్లు పది తీశాను. ఇంకా రెండు మిగిలాయి. గుంపు లోతు తెలియాలంటే ఎత్తు నుంచి తీయాలని తోచింది. పడవ అంచు చెక్క మీద కాలు పెట్టి లేచాను. "కూర్చో అయ్యా, కూర్చో" అని పోలయ్య అంటూనే ఉన్నాడు.

నడుములోతు నీళ్ళలో మనిషి మునగడు. కానీ వెల్లకిలా పడినవాడి చేతిలో ఉన్నది మునుగుతుంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు కెమెరా నీళ్ళ కింద ఉంది. చెప్పు బురదలో ఉండిపోయింది. తోలు సంచి తేలుతూ తేలుతూ పక్షుల వైపు పోయింది. పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. అంత చప్పుడు నేను మళ్ళీ వినలేదు. పోలయ్య నన్ను లాగి పడవలో వేసుకుని, "ఇప్పుడు లెక్క సుళువయ్యా. ఒకటీ లేదు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. శనివారం గుర్తొచ్చింది.

పల్లెకు చేరాక అతని భార్య కన్నమ్మ కెమెరా చూసి ఒక్క మాట అడిగింది. "ఉప్పునీళ్ళలో పడిందా?" అవునన్నాను. ఆమె లోపలికి పోయి బిందె తెచ్చింది.

"మంచినీళ్ళలో ముంచయ్యా. బాగా నానాల. వలకు కట్టే ఇనుమైనా లాంతరైనా మేమట్లే చేస్తాం. ఉప్పు ఒకసారి ఎండిందంటే ఇంక వదల్దు."

ఆ పల్లెలో మంచినీళ్ళు లేవు. రెండు మైళ్ళ అవతల నుంచి పడవలో తెచ్చుకుంటారు. బిందె పదిహేను పైసలు. ఆమె పూర్తి బిందె నా ముందు పెట్టింది. నేను వద్దన్నాను. నీళ్ళలో పడి చెడిన వస్తువును మళ్ళీ నీళ్ళలో ముంచమనడం నా లెక్కకు అందలేదు. అంత విలువైన నీళ్ళు పారబోయడం కూడా నచ్చలేదు. తడిసినదాన్ని ఎండబెట్టాలి, అంతే కదా. ఆమె ఇంటి కప్పు మీద ఎండుచేపల పక్కన తువ్వాలు పరిచి కెమెరాను పెట్టాను. గంటకు ఒకసారి తిప్పి పెట్టాను. కన్నమ్మ బిందె తీసుకుపోతూ మొగుడితో అన్నది నాకూ వినపడింది.

"చదువుకున్నాయన గదా. మనమేం జెప్తాం."

ఆ పూట వాళ్ళింట్లో రొయ్యల పులుసు తిన్నాను. మామిడికాయ వేశారు. అంత బాగున్న పులుసు అంత రుచి లేకుండా తినడం నాకే సాధ్యం అనుకుంటాను. డబ్బు ఇస్తే తీసుకోలేదు.

బుధవారం: సత్రంలో శుభ్రం

తిరుపతికి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఒక కాలికి చెప్పు లేకుండా ఊళ్ళో తిరిగితే ఎక్కడైనా ఎవరైనా అడుగుతారు. తిరుపతిలో ఎవరూ అడగలేదు, మొక్కు అనుకుంటారు. సత్రంలో రూపాయిన్నరకు గోడ పక్కన చోటు దొరికింది. పక్కన సేలం నుంచి వచ్చిన ఆయన, గుండు మీద చందనం ఇంకా ఆరలేదు.

కెమెరా తీసి చూశాను. మీట నొక్కితే లోపల చప్పుడు లేదు. అంతకంటే భయం కలిగించింది అద్దం. రెండు కళ్ళ మీదా తెల్లని పొర, చలికాలం పలమనేరు కిటికీలకు పట్టే మంచులాగా. ఊదినా పోదు, తువ్వాలుతో తుడిచినా పోదు.

మా ఇంట్లో రోజూ లాంతరు చిమ్నీ తుడిచేది నేనే. బూడిద అద్దిన తడిగుడ్డతో లోపలా వెలుపలా తిప్పి, పొడిగుడ్డతో మెరుగు పెడతాను. మా వీధిలో అందరికీ కరెంటు పోతుంది, మా చిమ్నీ అంత తెల్లగా మాత్రం ఎవరిదీ వెలగదు. ఆ సంగతి నలుగురూ అంటారు కూడా. అద్దం అంటే నాకు తెలిసిన వైద్యం అది. సత్రంలో పొయ్యి బూడిద ఎక్కడ దొరుకుతుంది? కాళహస్తిలో బస్సు ఆగినప్పుడు కొన్న విభూతి పొట్లం జేబులో ఉంది. పలుచని బట్టలో జల్లించినంత మెత్తన. పొయ్యి బూడిద కంటే మేలే కదా అనుకున్నాను.

తువ్వాలు కొన తడిపి, విభూతి అద్ది, ఒక్కో కంటికి ఇరవై చుట్లు తిప్పాను. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ కాకుండా సమంగా. తర్వాత పొడి కొనతో మెరుగు. తెలుపు పోయింది. రెండు కళ్ళూ తళతళా మెరిశాయి.

"నల్లా పాలిష్ వచ్చింది సార్," అన్నాడు సేలం ఆయన, బాగా అనడానికి అరవంలో నల్లా అంటూ. "కొత్తది మాదిరి ఉండాది."

మూడు రోజుల్లో నాకు కలిగిన సంతోషం అదొక్కటే. దానికి ఎంత ఖర్చయిందో మర్నాడు తెలిసింది.

గురు, శుక్రవారాలు: ఇడ్లీ రేకులో మరలు

గోవిందరాజస్వామి గుడి వెనక సందులో గడియారాలు బాగుచేసే అరుణాచలం కెమెరాలు కూడా చూస్తాడని సత్రం కాపలాదారు చెప్పాడు. అరుణాచలానికి అరవై దాటి ఉంటాయి. కంటికి భూతద్దం బిగించుకుని, అది తీయకుండానే నాతో మాట్లాడాడు. ఆయన కన్ను నాకు కోడిగుడ్డంత కనిపించింది.

"యాడ మునిగింది సామీ?"

"పులికాట్‌లో."

"ఎన్ని దినాలయింది?"

"మొన్న. పూర్తిగా ఎండబెట్టాను, చుక్క తేమ లేదు."

ఆయన చేతిలోది కింద పెట్టేశాడు. "ఎండబెట్టినావా? అయ్యో. బకెట్టు మంచినీళ్ళల్లో ఏసుకొని, నీళ్ళతో గూడ బస్సు ఎక్కి రావాల్సింది. తడిగా తెచ్చుంటే సగం రోజు పని. ఇప్పుడు సూడు, ఉప్పంతా లోపల కాపురం పెట్టేసింది."

ఒక బిందె, పదిహేను పైసలు.

వెనక తలుపు తీస్తే ఫిల్ము చుట్ట ఒక పొరకు ఒక పొర అతుక్కుపోయి ఉంది, తడి తగిలిన అప్పడాల కట్టలాగా. అదీ తడిగా ఉండి ఉంటే ఏవో కొన్ని బొమ్మలు దక్కేవట. ఆయన దాన్ని విడదీయబోతే పొర పొరగా చిరిగింది. పక్షుల లెక్క అక్కడితో ముగిసింది.

ఆదివారం పెళ్ళి సంగతి చెప్పాను. ఉన్నది ఒకటే కెమెరా అనీ, అది నాది కాదనీ చెప్పాను. ఆయన కాసేపు కెమెరాను, కాసేపు నా ఒంటిచెప్పును చూశాడు.

"డెబ్బై రూపాయలవుతాది. శనివారం పొద్దునకు ఇస్తా. ఊరికే కూర్చోవద్దు, నాకు చెయ్యి సాయం గావాల."

ఆ రెండు రోజులూ నేనక్కడే ఉన్నాను. చదివేవారిలో కెమెరా లోపలిని చూసినవారు తక్కువ ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పైన అతికించిన నల్లటి తోలును ఇస్త్రీపెట్టె వేడి చూపించి మెల్లగా ఒలుస్తారు, వేడినీళ్ళలో వేసిన బాదంపప్పు పొట్టు లాగినట్లు. దాని కింద మరలు. ఒక్కో మరను తీసిన వరసలోనే ఉంచాలి, ఎందుకంటే ఒకటి మరొకదాని చోట పట్టదు. అరుణాచలం దగ్గర దానికి పళ్ళెం లేదు. పాత ఇడ్లీ రేకు ఉంది. మొదటి గుంటలో మొదట విప్పినవి, రెండో గుంటలో తర్వాతవి. ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో రాసుకోవడం నా పని. మొత్తం నలభై ఒకటి. నేను గుంటల వారీగా కూడిక వేసి చూపిస్తే ఆయన మొదటిసారి భూతద్దం తీసి నన్ను చూశాడు.

"ముప్పై ఏండ్లుగా ప్రతి రిపేరీకీ నాకు ఒక మర మిగులుతాది సామీ. ఈసారి మిగిలితే నువ్వే బాధ్యుడు."

లోపల, కన్ను మూసి తెరిచే రేకులు ఐదు, గోరంత పలుచనివి, ఉప్పుతో ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. వాటిని పెట్రోలులో నానబెట్టి, కుంచెతో విడదీశాడు. అద్దాల లోపలి వైపు తెలుపు పోగొట్టడానికి మోటారు అంగడి నుంచి బ్యాటరీలో పోసే నీళ్ళు తెమ్మన్నాడు. ఆ నీళ్ళలో ఏ ఉప్పూ ఉండదట. మెత్తబడిన పాత పంచె ముక్క తడిపి, అద్దం మీద ఊది, మధ్య నుంచి అంచుకు మెల్లగా తుడిచాడు. ఒక్కసారి తాకిన గుడ్డకొన మళ్ళీ తాకించలేదు. ఒక అద్దానికి పదమూడు కొనలు పట్టాయి. నేను ఒకే కొనతో ఇరవై చుట్లు తిప్పినవాణ్ణి.

శుక్రవారం సాయంత్రం, కెమెరా ముందువైపు అద్దాన్ని కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత నా నుదుటి వైపు చూశాడు. తర్వాత వేలితో అద్దం అంచు గీకి వాసన చూశాడు.

"సామీ, నిజం జెప్పు. దీనికి విబూది పెట్టినావా?"

చెప్పాను. లాంతరు చిమ్నీ సంగతి కూడా చెప్పాను.

"నుదుటికి పెట్టేది కంటికి పెట్టినావు గదప్పా!" ఆయన నవ్వాడు గాని అందులో వెక్కిరింత తక్కువ. "ఈ అద్దానికి నీలంగా ఒక పూత ఉంటాది. గుడ్డు లోపలి పొరంత మందం గూడ ఉండదు. అది పోయింది. పోయి, దాని కింద సన్న గీతలు పడినాయి. లోపలి ఉప్పు నేను తీసేసినా. బయట నీ భక్తిని తీయడం నా చేత గాదు."

"బొమ్మ పడదా?"

"పడతాది. వెలుతురు ఎదురుగా వస్తే మటుకు బొమ్మంతా పాలు ఒలికినట్లు తెల్లబడతాది. అద్దం మీద నీడ పడేటట్లు ఏదన్నా నల్లది అడ్డం పెట్టుకుంటే చానావరకు తగ్గుతాది. కొత్త కన్ను మద్రాసు నుంచి తెప్పిస్తే నాలుగు వందల ఇరవై."

నాలుగు వందల ఇరవై నాకు రెండు నెలల జీతానికి దగ్గర. నా ముఖం చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"ఈ గీతలు మామూలుగా సూస్తే కనపడవు. చెరువు ఉప్పు తినేసిందని మీ బామ్మర్దికి జెప్పు. నీళ్ళల్లో పడడం ఎవురికైనా అవుతాది. నేనయితే కాదని జెప్పను."

మరలన్నీ బిగించాక ఇడ్లీ రేకు ఖాళీ. నలభై ఒకటికి నలభై ఒకటి. కన్ను మూసి తెరిచే ఎనిమిది వేగాల్లో మూడు పనిచేస్తున్నాయి. శనివారం పొద్దున డెబ్బై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి బస్టాండుకు నడిచాను. ఆ సంచిలేని కెమెరా నాకు పోయేటప్పటి కంటే బరువుగా తోచింది.

శనివారం: ప్రమాణానికి పోయేవాళ్ళు

చిత్తూరు బస్సులో నాకు రెండు పక్కలా ఇద్దరు రైతులు. అన్నదమ్ముల బిడ్డలట. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నా ఒళ్ళో పెట్టిన ఒకే పొట్లంలోంచి వేరుసెనక్కాయలు తింటున్నారు. ఇద్దరూ కాణిపాకం పోతున్నారు. దేనికంటే, ఒకరి మీద ఒకరు ప్రమాణం చేయడానికి. తెలియని వారికి చెప్పాలి: మా జిల్లాలో కోర్టుకు పోయి అబద్ధం చెప్పేవాడు కూడా కాణిపాకం వినాయకుడి ముందు తడిబట్టలతో నిలబడి అబద్ధం చెప్పడానికి జంకుతాడు. తగాదా మోటారు పంపు గురించి. పెద్దాయన అరువిచ్చానంటాడు, చిన్నాయన కొన్నానంటాడు.

"నువ్వు జెప్పు సామీ," అన్నాడు పెద్దాయన. "నా పంపు నాకు ఇచ్చేదానికి దేవుని దాకా ఎందుకు?"

"ఆడికి రమ్మనింది ఎవురు? నువ్వే గదా!" అన్నాడు చిన్నాయన. "టిక్కెట్టు గూడ నాతోనే ఇప్పించినావు. కాయలూ నావే తింటాండావు."

"కాయలు ఇచ్చినావా, అమ్మినావా? అది గూడ ఆడనే తేల్చుకుందాం."

చుట్టూ అందరూ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడు. కానీ కాణిపాకం మలుపు దగ్గరపడేకొద్దీ అతని నోట మాట తగ్గింది. దిగే చోట కండక్టరు బెల్లు కొట్టాక, పెద్దాయన ముందు దిగి నిలబడ్డాడు. చిన్నాయన మెట్టు మీద ఆగి కిందికి చూస్తూ, "సగం దుడ్డు ఇచ్చినాలే అన్నా. సగం ఇయ్యలేదు. అంత దూరం ఎండలో ఎందుకు?" అన్నాడు. ఆ పెద్దాయన ఏమన్నాడో వినపడలేదు, బస్సు కదిలిపోయింది. ఇద్దరూ రోడ్డు దాటి వెనక్కి పోవడానికి చిత్తూరు నుంచి వచ్చే బస్సు కోసం నిలబడడం మాత్రం వెనక అద్దంలో కనిపించింది.

నేను చిత్తూరులో ఇంటికి పోలేదు. అదే బస్టాండులో పలమనేరు బస్సు ఎక్కాను. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే చల్లగాలి కొట్టింది. చెరువు ఉప్పు తినేసింది. ఈ మాటను మనసులో పదిసార్లు అనుకుని చూశాను. తప్పు లేని మాటే, సగం నిజమే. పదకొండోసారి అనుకోబుద్ధి కాలేదు.

పలమనేరు

మునిరత్నం స్టూడియో గడపలో ఎదురుచూస్తున్నాడు. కెమెరాకు సంచి లేదని అల్లంత దూరం నుంచే చూశాడు. నేను కూర్చోకుండానే అన్నీ చెప్పాను: పడవ, కన్నమ్మ బిందె, ఎండబెట్టడం, ఇడ్లీ రేకు. విభూతి చివర చెప్పాను.

అతను కెమెరాను వాకిట్లోకి తీసుకుపోయి, దిగుతున్న ఎండకు ఏటవాలుగా పట్టాడు. అరుణాచలం పట్టినట్లే పట్టాడు.

"నీళ్ళల్లో పడింది, సరే. ఎవురైనా పడతారు," అన్నాడు. "ఇరవై సుట్లా బావా? ఒక్క సుట్టుకు ఆపలేక పోయినావా?"

"సమంగా ఉండాలని."

"కుంకుమ గూడ పెట్టాల్సింది. పూజ అయిపోయేది."

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున ఆరుకే లేపాడు. పెళ్ళివారి ఇల్లు తూర్పు ముఖం. పందిరి వాకిట్లో. ముహూర్తం ఎనిమిదిన్నరకు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చున్న పీటల వెనక నుంచి, కొబ్బరాకుల సందుల్లోంచి ఎండ తిన్నగా కెమెరా కంట్లో పడుతోంది. మునిరత్నం పురోహితుణ్ణి పీటలు తిప్పమని అడిగాడు. ఆయన నా వైపూ అతని వైపూ చూసి, దిక్కులు ఫోటోల కోసం మారవని చెప్పాడు. మునిరత్నం పెళ్ళివారింట్లో ఒక నల్ల గొడుగు అడిగి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పట్టుకో. నేను యాడికి జరిగితే ఆడికి జరుగు. కంటి మీద నీడ తప్పగూడదు."

నా వయసు నలభై ఎనిమిది. నిండు పెళ్ళిలో, ఒక గంటా నలభై నిమిషాలు, బామ్మర్ది వెనకాల గొడుగుతో తిరిగాను. వంగితే వంగాను, పాకితే పాకాను. పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన ఊరుకోలేదు.

"ఫోటో ఆయప్పకే గొడుగా? దేవుని పల్లకీకి గూడ ఇంత మర్యాద లేదే!"

"ఆయన మా బావ," అన్నాడు మునిరత్నం తల ఎత్తకుండా. "మా బావ లెక్కలో గట్టి. నీడను గూడ కొలిచి పడతాడు."

వెక్కిరించాడో వెనకేసుకొచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. ముప్పై ఆరు బొమ్మలు తీశాడు. బుధవారానికి కడిగితే ముప్పై మూడు నిలిచాయి. మూడింటిలో పాలు ఒలికాయి. ఆ మూడూ తలంబ్రాలప్పటివి. ఆ సమయానికి పంక్తిలో ఎన్ని ఆకులు వేశారో లెక్కపెడుతూ నేను పక్కకు చూశాను. పెళ్ళివారు ముప్పై మూడింటికీ ఒప్పుకుని, మూడింటి గురించి ఒక పూట సణిగి వదిలేశారు.

నెల జీతం రాగానే వంద రూపాయలు తీసుకుని పలమనేరు పోయాను. మిగిలిన మూడు వందల ఇరవైని మూడు వాయిదాల్లో ఇస్తానన్నాను. మునిరత్నం డబ్బు వైపు చూడలేదు.

"ఆడబిడ్డను ఇచ్చిన ఇంటి దుడ్డు మేం ముట్టుకునేది లేదు బావా. మా నాయన బతికుంటే నన్ను ఇంట్లోకి రానీడు. మా అక్క మొకం యెట్ల సూసేది?"

"అద్దం సంగతి?"

"అద్దం కొనేదాకా గొడుగు ఉండాది గదా. కూలోణ్ణి పెడితే పెండ్లికి పదైదు రూపాయలు అడుగుతాండాడు. వాడు వేరే పక్క సూస్తాడు. నువ్వు రా."

నాలుగు వందల ఇరవైని పదిహేనుతో భాగించాను. శేషం లేకుండా ఇరవై ఎనిమిది వచ్చింది. ఇద్దరం ఒప్పుకున్నాం.

మాఘం చివర, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం. మండీలో పని ముగించుకుని ఘాట్ ఎక్కడం, పెళ్ళి కాగానే దిగడం. కొన్ని వారాలు రెండేసి సార్లు. బస్సుఖర్చు నాదే, పెళ్ళిభోజనం వాళ్ళది. భుజం కుడిది కొంచెం కిందికి దిగిందని మా ఇంటావిడ అంటుంది. ఇప్పుడు వాళ్ళు నన్ను గొడుగు బావ అంటారు. పలమనేరు చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో కొబ్బరాకు పందిట్లోకి ఎండ ఏ నెలలో ఏ వైపు నుంచి ఎన్ని గంటలకు పడుతుందో నా దగ్గర రాసి ఉంది. మునిరత్నం దాన్ని చూసి పీటల దగ్గర తన చోటు ముందే ఎంచుకుంటాడు. ఆ కాగితానికి మాత్రం అతను ఏమీ తగ్గించలేదు, నేనూ అడగలేదు.

ఇది రాస్తున్నది ఆషాఢంలో. ముహూర్తాలు లేవు, ఒళ్ళు కొంచెం తేరుకుంటోంది. ఇప్పటికి పదిహేడు పెళ్ళిళ్ళకు పోయాను. జ్యేష్ఠంలో ఒక పెళ్ళికి పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది, గొడుగు తెరవలేదు. అది లెక్కలోకి రాదని మునిరత్నం అన్నాడు. బస్సెక్కి వచ్చాను కదా అన్నాను. రావడం వేరు, నీడ పట్టడం వేరు అన్నాడు. ఆలోచిస్తే అతని మాటే సబబు. పదహారు చెల్లు. బాకీ పన్నెండు పెళ్ళిళ్ళు.